గురుశిష్య పరంపర గ్రాంటు: రిజిస్ట్రేషన్ కాగితం నుంచి వినియోగ పత్రం (యూసీ) దాకా

నాటక సమాజాన్నో నాట్య పాఠశాలనో ఏడాది పొడవునా నడపడానికి సాయపడే ప్రభుత్వ పథకాలు మన దేశంలో చాలా తక్కువ. ఉత్సవానికి ఇస్తారు, పోటీలకు ఇస్తారు, ఒక ప్రదర్శనకు ఇస్తారు. ఆ మర్నాడు మళ్లీ మొదలయ్యే సాధనకు మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆ లోటును కొంతవరకు పూడ్చేది కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ వారి గురుశిష్య పరంపర ఆర్థిక సహాయం. ఉత్తర్వుల్లో దీన్ని రెపర్టరీ గ్రాంటు అంటారు. పాత నాటకాలవాళ్ల నోట ఇది ఇప్పటికీ శాలరీ గ్రాంటే. కళా సంస్కృతి వికాస్ యోజన అనే పెద్ద పథకంలో ఇదొక భాగం.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి అర్హత ఉన్న బృందాలు చాలానే ఉన్నాయి. కూచిపూడి, పేరిణి, తోలుబొమ్మలాట, బుర్రకథ, పద్యనాటకం, చిందు యక్షగానం, కర్ణాటక సంగీతం, ఆధునిక నాటకం అన్నీ ప్రదర్శన కళలే. కళ లేక కాదు, కాగితం లేక ఆగిపోయే బృందాలే ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో కాగితాల మీదే ఎక్కువసేపు నిలబడుతున్నాం.

ఎంత వస్తుంది, దేనికి వస్తుంది

గురువుకు నెలకు 15,000 రూపాయలు. శిష్యుడికి వయసును బట్టి నెలకు 2,000 నుంచి 10,000 రూపాయల వరకు. నాటక బృందమైతే ఒక గురువు, గరిష్ఠంగా 18 మంది శిష్యులు. సంగీతం, నృత్యమైతే ఒక గురువు, గరిష్ఠంగా 10 మంది.

లెక్క వేసి చూడండి. పూర్తి బలగంతో, అందరూ పెద్దవాళ్లే ఉన్న నాటక సమాజానికి గురువు కింద ఏడాదికి 1,80,000, శిష్యుల కింద 21,60,000, మొత్తం 23,40,000 రూపాయలు. నృత్య సంస్థకైతే 13,80,000. ఇది గరిష్ఠం మాత్రమే. దరఖాస్తులు చూసే నిపుణుల కమిటీ తక్కువ మందినే ఆమోదించవచ్చు. పది మందిని అడిగితే నలుగురిని ఒప్పుకోవడం మామూలే. పిల్లలు ఎక్కువగా ఉన్న బృందానికి మొత్తం ఇంకా తగ్గుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాల్లోలాగా పసివయసులోనే రంగస్థలం ఎక్కే సంప్రదాయాలకు ఈ వయసుల లెక్క ముఖ్యం. పుట్టినతేదీ రుజువులు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

ఈ డబ్బు సంస్థ ఖాతాలోకి వస్తుంది కానీ సంస్థది కాదు. గురువు పేరున, ఫలానా శిష్యుడి పేరున వచ్చిన గౌరవ వేతనం అది. హాలు అద్దె, కరెంటు బిల్లు, లైటింగు, ఆహార్యం, ప్రయాణాలు, ఆడిటర్ ఫీజు ఇవేవీ ఇందులోంచి కట్టకూడదు. ఈ తేడా తెలియకుండా దరఖాస్తు పెట్టిన సంస్థ రెండో ఏడాదికే లెక్కల్లో ఇరుక్కుంటుంది. గ్రాంటు రాకముందు మీ అద్దెకూ కరెంటుకూ దారి ఏమిటో, వచ్చాక కూడా అదే దారి ఉండాలి.

పక్కనే ఉన్న ఇతర పద్దులతో దీన్ని కలపకండి. ఉత్సవాలు, సదస్సులు, కొత్త ప్రదర్శనల తయారీకి ఇచ్చేది వేరే పద్దు. అందులో మామూలు పరిమితి 5 లక్షలు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల వరకు పెంచవచ్చు. భవన నిర్మాణానికి మహానగరాల్లో 50 లక్షల వరకు, మిగతా చోట్ల 25 లక్షల వరకు ఇచ్చే పద్దు ఇంకొకటి. దేశవ్యాప్తంగా పనిచేసే పెద్ద సంస్థలకు కోటి రూపాయల స్థాయి సాయం మరొకటి. దానికి గత ఐదేళ్లలో మూడేళ్లయినా సాంస్కృతిక కార్యక్రమాల మీద ఏటా కోటికి తగ్గకుండా ఖర్చు చేసి ఉండాలి. జిల్లా స్థాయి సమాజానికి అది అందే మాట కాదు.

దరఖాస్తుకు ఏడాది ముందు చేయాల్సిన పని

ప్రకటన వచ్చాక కాగితాలు వెతుక్కుంటే గడువు చాలదు. నిజమైన పని అంతకు ఏడాది ముందే మొదలవుతుంది.

ముందు రిజిస్ట్రేషన్. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతున్నాయి. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. నమోదు చేయించి, సర్టిఫికెట్‌ను ఫ్రేమ్ కట్టించి, ఆ తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసు ముఖం చూడని సంఘాలు కోకొల్లలు. ప్రతి ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. అది చేయకపోతే కాగితం మీద మీ కార్యదర్శి ఇప్పటికీ పదేళ్ల కిందటి మనిషే. ఆయన సంతకం లేనిదే ఏదీ చెల్లదు, ఆయనేమో సంఘంలోనే లేడు. బకాయి ఉన్న జాబితాలన్నీ ముందు దాఖలు చేయండి.

బైలాస్ (సంఘం నియమావళి) తీసి ఉద్దేశాల పేజీ చదవండి. "సాంఘిక సేవ, విద్య, వైద్యం, కళలు" అని ఒక్క వాక్యంలో కలగలిపి ఉంటే, ప్రదర్శన కళల్లో శిక్షణ మీ ప్రధాన ఉద్దేశమని తేలేలా సవరణ తీర్మానం చేయించండి. సంఘం రద్దయితే ఆస్తి సభ్యులు పంచుకోకుండా అలాంటి మరో సంస్థకే పోవాలనే నిబంధన కూడా ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధార్మిక సంస్థగా నమోదు కావాలంటే అది చూస్తారు.

తర్వాత పేరు. ఇక్కడ ఆగిపోయిన దరఖాస్తులకు లెక్కలేదు. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో చోట ఒక్కోలా రాస్తాం. రిజిస్ట్రేషన్‌లో "శ్రీ"కి ఒక స్పెల్లింగు, పాన్ కార్డులో ఇంకొకటి. ఒకచోట "నాట్య మండలి" రెండు మాటలు, బ్యాంకులో ఒకటే మాట. మనిషి కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు రెండు వేర్వేరు సంస్థలు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న అక్షరాలే ప్రమాణంగా పెట్టుకుని పాన్, బ్యాంకు ఖాతా, దర్పణ్, పీఎఫ్‌ఎంఎస్ నాలుగూ ఒకే తీరుగా దిద్దించండి. ముందు పాన్ దిద్దించాలి, ఆ తర్వాతే బ్యాంకు. వరస తప్పితే తిప్పలు రెట్టింపు.

దర్పణ్ అంటే నీతి ఆయోగ్ నడిపే స్వచ్ఛంద సంస్థల పోర్టల్. సంస్థ పాన్‌తో పాటు ముగ్గురు కార్యవర్గ సభ్యుల పాన్, ఆధార్ వివరాలు ఇవ్వాలి. అక్కడిచ్చే ప్రత్యేక సంఖ్య లేనిదే కేంద్ర గ్రాంటు దరఖాస్తు ముందుకు సాగదు. పీఎఫ్‌ఎంఎస్ అంటే కేంద్రం డబ్బు కదలికలను చూసే వ్యవస్థ. గ్రాంటు కోసం విడిగా తెరిచిన పొదుపు ఖాతానే అందులో నమోదు చేయండి. విరాళాలు, టికెట్ల డబ్బు, విద్యార్థుల ఫీజులు పడే పాత ఖాతాను ఇవ్వకండి. ఎందుకనేది యూసీ దగ్గర తెలుస్తుంది.

ఇక మూడేళ్ల ఆడిట్ లెక్కలు, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు. చిన్న సమాజాల్లో రాబడి ఖర్చులు కార్యదర్శి జేబులోనే జరిగిపోతుంటాయి. ఊరి పెద్ద హాలు అద్దె నేరుగా కట్టేస్తాడు, ఇంకొకాయన భోజనాలు పెట్టిస్తాడు, లెక్కల్లో ఏదీ కనిపించదు. అలాంటి సంస్థ ఏడాదికి 40 ప్రదర్శనలిచ్చినా ఆడిట్ కాగితం మీద ఖర్చు 12,000 రూపాయలు. కమిటీ ముందుకు ఆ కాగితమే వెళుతుంది. కాబట్టి దాతలను సంస్థ ఖాతాలో వేయమని అడగండి, రసీదు ఇవ్వండి, ఆ ఖాతాలోంచే చెల్లించండి. దరఖాస్తుకు ఇంతకంటే మంచి సన్నాహం లేదు.

దరఖాస్తులో ఏం రాయాలి

మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ప్రకటన వస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆ ఏటి మార్గదర్శకాలను డౌన్‌లోడ్ చేసి అచ్చు తీసి చదవండి. నిరుటి ప్రతి మీద ఆధారపడకండి, మొత్తాలూ షరతులూ ఇంతకుముందు మారాయి. సిఫార్సు లేఖ అడిగితే రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ, సంగీత నాటక అకాడమీ, ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాల వంటి చోట్ల ప్రయత్నించాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రంలోనూ, నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రంలోనూ సభ్యులే. అంటే మీకు రెండు తలుపులున్నాయి.

గురువు వివరాల్లో బిరుదుల జాబితా కంటే ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నేళ్లు, ఎంతమందికి నేర్పారు, వాళ్లలో ఇప్పుడు ఎవరు వేదికల మీద ఉన్నారు అనేవి రాయండి. పరంపర అనే మాటకు రుజువు అదే. సన్మానాల ఫొటోలు ఇరవై పెట్టేకన్నా క్లాసు జరుగుతున్న ఫొటోలు నాలుగు పెట్టడం మేలు.

శిష్యుల జాబితాను తొందరపడి నింపకండి. ఒక్కొక్కరికీ పేరు, పుట్టినతేదీ, చేరిన తేదీ, ఆధార్, సొంత బ్యాంకు ఖాతా, ఇప్పటిదాకా నేర్చుకున్నది, వేసిన పాత్రలు ఉండాలి. పదేళ్ల లోపు పిల్లలకు తల్లో తండ్రో నడిపే మైనర్ ఖాతా తెరిపించండి. అదే శిష్యుడు మరో సంస్థ జాబితాలో కూడా ఉన్నాడేమో ముందే అడిగి రాయించుకోండి. ఊళ్లో మంచి మృదంగం కుర్రాడు ఒక్కడే ఉంటాడు, మూడు సంస్థలూ అతని పేరే రాస్తాయి. ఆధార్ నంబరు దగ్గర ముగ్గురూ పట్టుబడతారు.

వంశపారంపర్య కళలకు ఇంకో చిక్కుంది. తోలుబొమ్మలాటలోనో యక్షగానంలోనో గురువు తండ్రి, శిష్యులు కొడుకులూ కోడళ్లూ, కార్యవర్గంలోనూ వాళ్లే. కళ బతికిందే అలా కాబట్టి ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. కానీ కార్యవర్గ సభ్యుల దగ్గర బంధువులకు చెల్లింపులు పోతుంటే ఆదాయపు పన్ను వాళ్లూ అడుగుతారు, తనిఖీకి వచ్చినవాళ్లూ అడుగుతారు. బయటి సభ్యులను కార్యవర్గంలోకి తీసుకోండి. ముఖ్యంగా కోశాధికారి గురువు కుటుంబానికి చెందకపోతే మంచిది. గురువే కార్యదర్శి అయితే తన వేతనానికి తానే సంతకం పెట్టుకున్నట్టవుతుంది. వీలైతే ఆ పదవి వేరేవారికి ఇవ్వండి.

ప్రదర్శనల జాబితాలో తేదీ, ఊరు, వేదిక, నిర్వాహకులు, పాల్గొన్నవారి సంఖ్య ఇవ్వండి. పత్రికా కత్తిరింపు మీద పత్రిక పేరు, తేదీ కనబడాలి. తెలుగు కత్తిరింపుకు కింద రెండు వరుసల ఇంగ్లీషు సారాంశం టైపు చేసి పెట్టండి. కమిటీలో అందరికీ తెలుగు రాదు.

నిపుణుల కమిటీ దరఖాస్తులు చూస్తుంది. అడిగితే బృందం పనిని చూపించాల్సి రావచ్చు, మీ చోటుకు తనిఖీ మనిషి రావచ్చు. చెప్పకుండా కూడా రావచ్చు. ఆ రోజు కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన క్లాసు ఇట్టే తెలిసిపోతుంది. పిల్లలు గురువును చూసే తీరులోనే తెలుస్తుంది. రోజూ జరిగే క్లాసుకు ఏర్పాట్లు అక్కర్లేదు, హాజరు పట్టీ చాలు.

మంజూరైన తర్వాత

మంజూరు ఉత్తర్వు రాగానే సంబరానికి ముందు దాన్ని మూడుసార్లు చదవండి. ఎంతమంది శిష్యులు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ షరతులు. డబ్బు విడుదలకు ముందు కార్యవర్గ సభ్యులు బాండు రాసివ్వాలి. షరతులు తప్పితే మొత్తాన్ని ఏడాదికి 10 శాతం వడ్డీతో తిరిగి కడతామని అందరూ కలిసీ, విడివిడిగానూ పూచీ పడే బాండు అది. సంతకం పెట్టే ప్రతి సభ్యుడికీ ఈ మాట నోటితో చెప్పండి. మొహమాటానికి సంతకం పెట్టినవాళ్లు తర్వాత చాలా బాధపడతారు.

డబ్బు నెలనెలా రాదు. ఏడాది సొమ్ము ఆలస్యంగా, ఒక్కోసారి ఆ ఆర్థిక సంవత్సరం గడిచాక, మొత్తంగా వస్తుంది. ఆ మధ్య నెలల కోసం వడ్డీకి తెచ్చి శిష్యులకు ఇవ్వకండి, ఆ వడ్డీని గ్రాంటు ఒప్పుకోదు. చేరేటప్పుడే శిష్యులతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: గౌరవ వేతనం గ్రాంటు విడుదలైనప్పుడే, హాజరైన నెలలకు, నేరుగా ఖాతాలోకి. బస్సు చార్జీలో టిఫినో సంస్థ సొంత నిధిలోంచి ఇవ్వండి, దాన్ని గ్రాంటు లెక్కలోకి తేకండి.

చెల్లింపు నగదుగా వద్దు. మంజూరు ఉత్తర్వు పీఎఫ్‌ఎంఎస్ ద్వారానే చెల్లించమంటే అందులో ఒకరు వివరాలు ఎక్కించాలి, వేరొకరు ఆమోదించాలి. రెండు లాగిన్లూ ఒకే మనిషి చేతిలో పెట్టకండి.

ఇక అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని మాట. కొన్నిచోట్ల శిష్యుడి ఖాతాలో 10,000 వేసి, అందులో సగం సంస్థకు "విరాళం"గా వెనక్కి తీసుకుంటారు. అద్దెకు డబ్బుల్లేవు, మరేం చేస్తామంటారు. ఇది మోసమే, దీనికి వేరే పేరు లేదు. కళాకారుడు తిన్నగా బతకడానికి ప్రభుత్వం ఇచ్చిన డబ్బును అతని చేతిలోంచే లాక్కోవడం అది. ఫిర్యాదు వస్తే బాండు మీద సంతకం పెట్టిన అందరూ వడ్డీతో కట్టాలి. అద్దెకు వేరే దారి చూడండి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు సంప్రదాయ కళలకు ఖర్చు చేయవచ్చని కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూలే చెబుతోంది. ఊళ్లోని పాఠశాల ఆదివారాల్లో ఒక గది ఇవ్వవచ్చు.

రోజూ రాసే పుస్తకాలు

నాలుగు చాలు. హాజరు పట్టీలో గురువు, శిష్యులు ఏ రోజుకారోజు సంతకం పెట్టాలి, నెలాఖరున ఒకే పెన్నుతో నింపితే చూడగానే తెలుస్తుంది. పాఠాల పుస్తకంలో ఆ రోజు ఏ జతులు, ఏ పద్యం, ఏ రంగం సాధన చేశారో ఒక వరుస. అక్విటెన్స్ రిజిస్టరులో ఎవరికి ఏ నెలకు ఎంత, బదిలీ నంబరు, తీసుకున్నవారి సంతకం. నాలుగోది క్యాష్ బుక్, ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చాలి.

శిష్యుడు మధ్యలో మానేస్తే అదే వారం కార్యవర్గ మినిట్స్‌లో రాసి మంత్రిత్వ శాఖకు తెలియజేయండి. మానేసినవాడి పేరున ఇంకొకరికి డబ్బివ్వడం కుదరదు. కొత్త పేరుకు అనుమతి రాతలో రావాలి. గురువు వేతనం మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) సంగతి మీ ఆడిటర్‌తో ఏడాది మొదట్లోనే తేల్చుకోండి.

యూసీ

వినియోగ పత్రాన్ని అందరూ యూసీ అంటారు. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల్లోని 12-ఎ నమూనాలో ఇవ్వాలి. 238వ నియమం ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా ఇవ్వాలి. రెన్యువల్ కోసం చూస్తే అంతకంటే ముందే కావాలి, పాత లెక్క తేలనిదే కొత్త డబ్బు కదలదు.

ఒక ఉదాహరణ. నృత్య సంస్థకు ఒక గురువు, ఎనిమిది మంది పెద్ద శిష్యులు మంజూరయ్యారు. 1,80,000కు 9,60,000 కలిపితే 11,40,000 వచ్చింది. ఒక శిష్యురాలు పెళ్లయి అక్టోబరు చివర్లో వెళ్లిపోయింది. ఆమెకు ఏడు నెలలకు 70,000 చెల్లించారు, ఐదు నెలల 50,000 మిగిలింది. ఖాతాలో 6,200 వడ్డీ పడింది. యూసీలో వచ్చినది 11,40,000, ఖర్చు 10,90,000, మిగులు 50,000 అని చూపాలి. వడ్డీ 6,200 విడి గడిలో చూపి, లెక్కలు ఖరారు కాగానే భారత్‌కోశ్ పోర్టల్ ద్వారా ప్రభుత్వానికి కట్టి చలానా జతచేయాలి. మిగులును తిరిగి కట్టాలా, వచ్చే ఏడాదికి సర్దుతారా అన్నది మంత్రిత్వ శాఖ చెబుతుంది, మీ అంతట మీరు ఖర్చు చేయకూడదు.

విడి ఖాతా ఎందుకన్నామో ఇప్పుడు తెలుస్తుంది. విరాళాలూ ఫీజులూ కలిసిన ఖాతాలో 6,200 వడ్డీలో గ్రాంటు వాటా ఎంతో తేల్చడానికి ఆడిటర్ రెండు రోజులు కూర్చోవాలి. విడి ఖాతాలో కూడా ఒక చిన్న ముల్లుంది. బ్యాంకు ఎస్సెమ్మెస్ చార్జీ కింద 17 రూపాయల 70 పైసలు కోసుకుంటుంది, ఆ మేరకు మిగులు తగ్గి యూసీకీ పాస్‌బుక్‌కూ పొంతన కుదరదు. ప్రతి మూడు నెలలకూ ఆ చిల్లర సంస్థ సాధారణ ఖాతా నుంచి తెచ్చి వేయండి.

యూసీలో అంకెలు, ఆడిట్ నివేదికలో అంకెలు, బ్యాంకు స్టేట్‌మెంటులో అంకెలు రూపాయి తేడా లేకుండా ఒకటే కావాలి. పంపే ముందు మూడింటినీ పక్కపక్కన పెట్టి కోశాధికారి కాక ఇంకొకరు చదవాలి. మంజూరు ఉత్తర్వు నంబరు, తేదీ తప్పుగా టైపయిన యూసీ కూడా వెనక్కి వస్తుంది.

రెన్యువల్, కార్యవర్గం మార్పు

ఒకసారి వచ్చిన గ్రాంటు ఎప్పటికీ వస్తుందని లేదు. ఏటా రెన్యువల్ కోరాలి, కమిటీ శిష్యుల సంఖ్య పెంచవచ్చు, తగ్గించవచ్చు, ఆపేయవచ్చు. దరఖాస్తుతో పాటు ఆ ఏడాది సాధన, ప్రదర్శనల నివేదిక పంపాలి. పాఠాల పుస్తకం ఉంటే ఆ నివేదిక ఒక పూటలో తయారవుతుంది.

కార్యవర్గం మారే ఏడాది మరింత జాగ్రత్తగా ఉండాలి. దర్పణ్, పీఎఫ్‌ఎంఎస్, ఆదాయపు పన్ను, బ్యాంకు అన్నిట్లోనూ పాత కార్యదర్శి సొంత ఫోన్ నంబరే ఉంటుంది, ఓటీపీలన్నీ ఆయనకే పోతాయి. ఆయన మనస్తాపంతో వెళ్లిపోయినా, ఫోన్ మార్చినా, చనిపోయినా సంస్థ చేతులు కట్టేసినట్టే. సంస్థ పేరున ఒక సిమ్ తీసుకోండి, ఒక ఈమెయిల్ పెట్టుకోండి, నమోదులన్నీ వాటితోనే చేయండి. ఆ ఫోను సంఘం గదిలో ఉండాలి. ఎన్నిక జరిగిన నెల లోపలే రిజిస్ట్రార్‌కు కొత్త జాబితా, బ్యాంకుకు తీర్మానం నకలు, దర్పణ్‌లో కొత్త సభ్యుల వివరాలు, పీఎఫ్‌ఎంఎస్‌లో కొత్త లాగిన్లు ఈ వరసలో మార్చండి. బాండు మీద సంతకాలు పెట్టినది పాత కార్యవర్గమైతే వాళ్ల హయాం యూసీలు పూర్తయ్యాయో లేదో చూసుకుని, నాలుగు పుస్తకాలనూ సంతకాలతో లెక్కపెట్టి మరీ స్వీకరించండి.